ఓడిపోయిన జడ్జిని ముందు చదవండి

లా కాలేజీలో మాకు రాజ్యాంగం చెప్పిన మాస్టారి పెద్దకర్మకి గుంటూరు వెళ్ళాను. బ్రాడీపేటలో వాళ్ళింట్లో భోజనాలయ్యాక వాళ్ళమ్మాయి ముందుగది తాళం తీసి, "నాన్నగారి పుస్తకాలండీ, మీకు పనికొచ్చేవి ఏమైనా ఉంటే తీసుకెళ్ళండి" అంది. తలుపు తియ్యగానే కలరా ఉండల వాసన, దాని వెనకే కోర్టు తీర్పులు అచ్చువేసే పాత ఏఐఆర్ సంపుటాల కాగితం వాసన. ఆ రెండో వాసన ఎలా ఉంటుందో లా చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అట్టలు ఊడకుండా గుడ్డపట్టీలు అంటించి, వీపుల మీద సిరాతో సంవత్సరాలు రాసి, గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. మొదటిది 1950. బీరువాలో రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు. కింది అరలో నాడాలతో కట్టిన కాగితాల కట్టలు, కోర్టులో కేసు కట్టలు కట్టే పద్ధతిలోనే.

ఆ గదిలో చాలాసేపు కూర్చున్నాను. రాజ్యాంగం గురించి నాకు తెలిసిందంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. అందుకే ఇది రాస్తున్నాను.

*

మాది సాయంత్రం కాలేజీ. బ్యాంకు గుమాస్తాలు, ఎల్ఐసీ వాళ్ళు, ఆర్టీసీ డిపో క్లర్కులు, బడిపంతుళ్ళు, తాలూకాఫీసులో పనిచేసే ఒక పెద్దాయన, కోర్టులో టైపిస్టుగా చేసే ఒకావిడ. ఆవిణ్ణి అందరం అక్కా అనేవాళ్ళం. నేను పొగాకు కంపెనీలో లెక్కలు రాసేవాణ్ణి. సీజన్లో నా చొక్కాకి ఆ ఘాటు వదిలేది కాదు, పక్కన కూర్చున్నవాడు తుమ్ముతూనే నోట్సు రాసుకునేవాడు. ఆరింటికి క్లాసు మొదలయ్యేసరికి సగం మంది మొహాల్లో నిద్రే. కాలేజీ ఎదురుగా బండి మీద టీ తాగి, పళ్ళెంలో మిగిలిన రెండు పునుగులు గబగబా నోట్లో వేసుకుని పరిగెత్తేవాళ్ళం. ఎందుకంటే మాస్టారు ఆరింటికంటే ఆరింటికే.

సైకిలు మీద వచ్చేవారు. క్యారియర్‌కి బిగించి తెచ్చిన పల్చటి బేర్ యాక్టు, అంటే వ్యాఖ్యానం లేని ఉత్త చట్టం పుస్తకం, అదొక్కటే చేతిలో. గైడ్లంటే ఆయనకి పడదు. ఎవరి బెంచి మీదైనా గైడు కనిపిస్తే తీసుకుని, కోప్పడకుండానే కిటికీలో పెట్టి, క్లాసయ్యాక తిరిగిచ్చేవారు. "ఇది చదివితే పాసవుతారు, కాదనను. కానీ రేపు కక్షిదారు వచ్చి ఎదురుగా కూర్చుంటే ఇందులో ఆయన ఉండడు" అనేవారు.

మొదటి రోజు పీఠిక చెబుతారేమో అనుకున్నాం. ఆయన బల్ల మీద చాక్‌పీసులు వరుసగా పేర్చారు. లెక్కపెట్టమన్నారు. పద్నాలుగు. ఆరు ఒక పక్కకి జరిపారు, ఆ తర్వాత రెండు, రెండు, రెండు, చివర్లో ఒకటి, ఒకటి విడిగా పెట్టారు. "ఇవి మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల సీట్లు. అప్పుడు మనమూ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. ప్రతి పద్నాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి ఆరు, వెనకబడిన హిందువులకి రెండు, బ్రాహ్మణులకి రెండు, హరిజనులకి రెండు, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి ఒకటి, ముస్లింలకి ఒకటి. ఇది కమ్యూనల్ జీవో." అప్పుడు నల్లబల్ల మీద మూడు ప్రశ్నలు రాశారు. ఎవరొచ్చారు? ఎవరి మీద? ఏం కావాలన్నారు?

వచ్చినావిడ చంపకం దొరైరాజన్. మద్రాసు ప్రభుత్వం మీద. 1951లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. అదే ఏడాది పార్లమెంటు రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి ఆర్టికల్ 15కి నాలుగో క్లాజు చేర్చింది. వెనకబడినవాళ్ళ కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవడానికి అడ్డు లేకుండా పోయింది. రాజ్యాంగం వచ్చి ఏడాదిన్నర అయినా కాలేదు.

మా క్లాసులో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. ఆ రోజు గదిలో ఒక రకమైన బిగువు. మాస్టారు ఒకటే నియమం పెట్టారు. ఎవరూ తమ ఇంటి తరఫున మాట్లాడకూడదు. ముందు బెంచీవాళ్ళు చంపకం తరఫున, వెనక బెంచీవాళ్ళు ప్రభుత్వం తరఫున. అరగంటకి తారుమారు. తాలూకాఫీసు పెద్దాయన రెండు పక్కలా వాదించి, చెమట తుడుచుకుంటూ, "రెండూ నిజంగానే ఉన్నాయి మాస్టారూ" అన్నాడు. మాస్టారు ఆయనకి నమస్కారం పెట్టారు. మొదటి క్లాసులోనే ఒక విద్యార్థికి పంతులు నమస్కారం పెట్టడం నేనెక్కడా చూడలేదు.

*

ఆయన పుట్టి పెరిగిందంతా కోర్టు ఆవరణలోనే అనాలి. వాళ్ళ నాన్నగారు వకీలు గుమాస్తా. తెల్లవారకముందే లేచి, ఆ రోజు వాయిదాలున్న కట్టలు తీసి, కోర్టు ఫీజు స్టాంపులు సరిచూసి, ప్లీడరుగారి ఇంటికి వెళ్ళే మనిషి. పెద్ద కేసుల రోజు కట్టలు మోయడానికి కొడుకుని తీసుకెళ్ళేవారు. బడి ఎగ్గొట్టి కోర్టుకి వెళ్ళిన పిల్లాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటానని మాస్టారు చెప్పుకునేవారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలుకి, హైకోర్టు గుంటూరుకి. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు చెరో ప్రాంతానికి అని పెద్దలు రాసుకున్న మాట అలా నిలబడింది. 1954లో గుంటూరులో హైకోర్టు మొదలైంది. మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, రాజమండ్రి మనిషి. మాస్టారికి అప్పుడు పదహారేళ్ళుంటాయి. హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడి చూసేవారట. అర్థమైంది తక్కువ. ఒక్క సంగతి మాత్రం మనసులో నాటుకుపోయిందని చెప్పేవారు. సర్కారు తరఫు ప్లీడరు కూడా అందరు ప్లీడర్లలాగే లేచి నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పుకోవాల్సి రావడం. ఊళ్ళో తాసిల్దారు వస్తే అరుగుల మీదివాళ్ళంతా లేచి నిలబడే కాలం. ఇక్కడేమో సర్కారే నిలబడి జవాబు చెబుతోంది. "నాకు ఆర్టికల్ 226 అర్థమైంది ఆ రోజే. నంబరు తర్వాత తెలిసింది" అనేవారు. సర్కారుకి కూడా హైకోర్టు ఆదేశాలివ్వొచ్చని చెప్పే ఆర్టికల్ అది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాదుకి వెళ్ళిపోయింది. ప్లీడర్లు చాలామంది సామాన్లు సర్దుకున్నారు. వాళ్ళ నాన్నగారు వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయారు. ఇల్లు గడవడం కష్టమై మాస్టారు జిల్లా కోర్టులో నకళ్ళు టైపు చేసే పనిలో చేరారు. రోజంతా తీర్పులు టైపు కొట్టడమే. మధ్యలో నాలుగు కార్బన్ కాగితాలు, తప్పు పడితే అయిదూ దిద్దాలి. తీర్పు ఎక్కడ మలుపు తిరుగుతుందో తన వేళ్ళకి ముందే తెలిసిపోయేదని చెప్పేవారు. అలా టైపు కొడుతూనే లా చదివారు. తర్వాత వాల్తేరు వెళ్ళి ఎంఎల్ చేశారు. ప్రాక్టీసులో ఉంటే బాగా సంపాదించేవారని ఊరంతా అనేది. బోర్డు మాత్రం ఎప్పుడూ కట్టలేదు.

*

ఒక వానాకాలం సాయంత్రం కరెంటు పోయింది. అటెండరు కొవ్వొత్తి తెస్తానంటే మాస్టారు వద్దన్నారు. చీకట్లోనే బయటికి నడిచి, గది తలుపు దగ్గరికి వేశారు. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత తలుపు మీద దబదబా బాదుడు. ఎంత గట్టిగా అంటే అమ్మాయిలు ఉలిక్కిపడ్డారు. తలుపు తీసి లోపలికొచ్చి చీకట్లోనే అడిగారు. "రాత్రి పన్నెండింటికి మీ తలుపు ఇలా కొడితే ఇంట్లో ముందు ఎవరు లేస్తారు?"

కాసేపాగి ఎవరో "మా అమ్మండీ" అన్నారు.

"ఆవిడ ఏ నేరం చేసింది?"

అలా మొదలైంది ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్ మనిషి. దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు అతని పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రుళ్ళు ఇంటికొచ్చి తలుపు కొట్టడం, లేపి ఉన్నాడో లేడో చూసుకోవడం, ఊరెళ్తే ఎక్కడికని ఆరా తియ్యడం. 1962లో సుప్రీంకోర్టులో ఆరుగురు జడ్జీలు తీర్పిచ్చారు. రాత్రిపూట ఇంట్లోకి రావడం తప్పన్నారు. మిగతా నిఘా చెల్లుతుందని, వ్యక్తిగత గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని మెజారిటీ తేల్చింది. సుబ్బారావు గారు, షా గారు ఒప్పుకోలేదు. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో రాసి లేకపోయినా, మనిషి స్వేచ్ఛలో అది విడదీయలేని భాగమని, మొత్తం నిఘా నిబంధనే చెల్లదని సుబ్బారావు గారు విడిగా రాశారు.

కరెంటు వచ్చింది. మాస్టారు నల్లబల్ల మీద ఒకే మాట రాశారు. 'ఓడిపోయిన జడ్జిని ముందు చదవండి.' అదే ఆయన పద్ధతి. ఏ కేసైనా మైనారిటీ తీర్పు, అంటే ఒప్పుకోని కొద్దిమంది జడ్జీలు విడిగా రాసింది, ముందు చదివించేవారు, దానికి మేమే జవాబు రాయాలి. ఆ తర్వాతే మెజారిటీ తీర్పు తెరవాలి. మా జవాబు మెజారిటీ జడ్జీల జవాబుకి ఎంత దగ్గరగా ఉందో చూసుకోవాలి. మామూలుగా ఎవరైనా గెలిచిన తీర్పు నుంచి మొదలుపెడతారు. అలా చదివితే చివర ఏమవుతుందో తెలిసిపోయి బుర్ర పనిచెయ్యడం మానేస్తుందని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో అది ఎంత నిజమో నాకు అర్థమవుతూనే ఉంది.

విచారణ లేకుండా జైల్లో పెట్టడం మీద వచ్చిన 1950 నాటి గోపాలన్ కేసులో ఫజల్ అలీ గారి మైనారిటీ తీర్పు కూడా అలాగే చదివించారు. మనిషి స్వేచ్ఛ తీసేసే పద్ధతి న్యాయంగా కూడా ఉండాలన్నది ఆయన మాట. ఇరవై ఎనిమిదేళ్ళకి మేనకా గాంధీ కేసులో కోర్టు ఆ దారిలోకే వచ్చింది. ఆ రెండు కేసుల మధ్య కాలాన్ని బోర్డు మీద ఒక గీతగా గీసి, కింద "ఈ మధ్యలో లోపలున్నవాళ్ళు?" అని రాసి వదిలేశారు.

*

1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావు గారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చారు. ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన నాదెండ్ల భాస్కరరావు గారిది మా జిల్లాయే. ఊరు ఉడికిపోయింది. బందులు, ఊరేగింపులు, షాపులు మూత. కొన్నాళ్ళు కాలేజీ జరగలేదు. మళ్ళీ తెరిచిన రోజు సగం క్లాసు గొంతులు పోయి ఉన్నాయి. ఇంకో నలుగురు భాస్కరరావు గారి పక్కవాళ్ళు, మూలన ముడుచుకుని కూర్చున్నారు.

మాస్టారు లోపలికొస్తూనే "ఆర్టికల్ 164 తియ్యండి" అన్నారు. ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తారు. గవర్నరు ఇష్టపడినంతకాలం మంత్రులు పదవిలో ఉంటారు. దాని కిందనే రెండో క్లాజు, మంత్రివర్గం శాసనసభకి ఉమ్మడిగా బాధ్యత వహిస్తుంది. "మొదటి క్లాజు ఒక్కటే చదివితే రామ్‌లాల్ గారు కరెక్టు. రెండోది కూడా చదివాక ఏమంటారు?"

ఊరేగింపుల్లో తిరిగి గొంతు పోగొట్టుకున్నవాళ్ళందరినీ గవర్నరు తరఫున వాదించమన్నారు. మూలనున్న నలుగురినీ రామారావు గారి తరఫున. మొదట ఒకడు లేచి వెళ్ళిపోబోయాడు. "వెళ్ళు నాయనా, కానీ రేపు నీ దగ్గరికి నీకు నచ్చని కక్షిదారు వస్తే ఏం చేస్తావో ఆలోచించుకుని రా" అన్నారు. వాడు తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చి కూర్చున్నాడు. గంటన్నర వాదన నడిచింది. చివరికి విషయమంతా ఒక్క ప్రశ్న దగ్గరికి చేరింది. ఎమ్మెల్యేల బలం లెక్కపెట్టాల్సింది రాజ్‌భవన్‌లోనా, అసెంబ్లీలోనా?

గవర్నరు మారారు, శంకర్ దయాళ్ శర్మ గారు వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు గారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఊళ్ళో టపాకాయలు. మాస్టారు మాత్రం, ఇది జనం ఇచ్చిన తీర్పే కానీ కోర్టు ఇచ్చిన తీర్పు కాదు, ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉందన్నారు. 1994లో బొమ్మై కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం బలం తేలాల్సింది సభలోనే అని చెప్పింది. ఆ రోజు కోర్టు వరండాలో పేపరు చదువుతుంటే పక్కన ఒకడు నా భుజం గట్టిగా నొక్కాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చినవాడే.

*

శనివారాలు ఇంకో పని ఉండేది. మేజిస్ట్రేటు కోర్టుకెళ్ళి రిమాండుకి తెచ్చినవాళ్ళని చూసి రాయాలి. ఆర్టికల్ 22 ప్రకారం అరెస్టు చేసినవాణ్ణి ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఏ టైముకి పట్టుకున్నారని కాగితంలో ఉంది, మనిషిని అడిగితే ఏం చెప్పాడు, ప్లీడరు ఉన్నాడా, మేజిస్ట్రేటు గారు ఏం అడిగారు. ఇంతే. అభిప్రాయాలు రాయకూడదు. నా పుస్తకం తిరగేసి మాస్టారు ఒకటే అడిగేవారు, "పేరు రాశావా?" దొంగతనం కేసు ముద్దాయి అని రాస్తే కొట్టేసేవారు. పేరు, ఊరు, తిన్నాడా లేదా రాయాలి. టైపిస్టు అక్క రాసినవి అందరికీ చదివి వినిపించేవారు. ఒకసారి ఆవిడ, బంట్రోతు పిలిచినప్పుడు ముద్దాయి పలకలేదని, తన ఇంటిపేరు అలా గట్టిగా పిలవగా అతను ఎప్పుడూ విని ఉండడని రాసింది. తర్వాత ఆవిడ మెజిస్ట్రేటు పరీక్ష రాసి పాసైంది.

*

మాస్టారు సుబ్బారావు గారంటే ప్రాణం పెట్టేవారు. అయినా 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు దగ్గర మాత్రం ఆయనతో తగువే. పదకొండుమంది జడ్జీలు, ఆరుగురు ఒకవైపు అయిదుగురు ఒకవైపు. పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని సవరించి తగ్గించడానికి వీల్లేదన్నారు సుబ్బారావు గారు. అప్పుడు ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే. మాస్టారి అమ్మగారి వైపువాళ్ళు రేపల్లె దగ్గర కౌలు రైతులు. "భూసంస్కరణ అనేది మా తాతకి పుస్తకాల్లో మాట కాదు, ఆ ఏడాది గింజలు" అని ఒకసారి అన్నారు. ఆ రోజు ఆయన గొంతు మారింది. అభిమానించిన మనిషితో అంత మర్యాదగా, అంత గట్టిగా విభేదించడం నేను అక్కడే చూశాను.

1973 ఏప్రిల్ 24 నాటి కేశవానంద భారతి తీర్పు మాత్రం నెల పట్టింది. పదమూడుమంది జడ్జీలు, అరవై ఎనిమిది రోజుల వాదనలు, ఏడుగురు ఆరుగురుగా చీలిక. పార్లమెంటు రాజ్యాంగంలో దేన్నైనా సవరించవచ్చు, దాని మౌలిక స్వరూపాన్ని తప్ప. ఆ ఏడుగురిలో మన హైదరాబాదు మనిషి పి. జగన్మోహన్ రెడ్డి గారు ఒకరు. ఇక్కడ కూడా మాస్టారు మొదటి ప్రశ్న వదల్లేదు. ఎవరొచ్చారు? కాసరగోడు దగ్గర ఎడనీరు మఠం స్వామి. ఏం కావాలన్నారు? మఠం భూములు. దేశానికి దక్కింది మౌలిక స్వరూపం.

ఎమర్జెన్సీ నాటి జబల్పూర్ కేసు చెప్పిన రోజు అయిదు పేర్లు రాశారు. రే, ఖన్నా, బేగ్, చంద్రచూడ్, భగవతి. విచారణ లేకుండా జైల్లో పెడితే హైకోర్టుకి వెళ్ళే హక్కు ఎమర్జెన్సీలో లేదని నలుగురు. ఉందని ఖన్నా ఒక్కరు. మరుసటి ఏడాది ఆయన్ని పక్కనబెట్టి బేగ్ గారిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు, ఖన్నా గారు రాజీనామా చేసి వెళ్ళిపోయారు. మాస్టారు ఆ తీర్పు సగం చదివి పుస్తకం నాకిచ్చారు. మిగతాది నేను నిలబడి పూర్తిచేశాను.

*

2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా తీర్పిచ్చారు. ఆ ధర్మాసనంలో మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్ గారూ ఉన్నారు. జబల్పూర్ తీర్పుని కొట్టేస్తూ రాసింది జస్టిస్ డి.వై. చంద్రచూడ్. ఆ పాత తీర్పులోని నలుగురిలో ఒకరు ఆయన తండ్రిగారే. జస్టిస్ నారిమన్ తన తీర్పులో మూడు గొప్ప మైనారిటీ తీర్పులని వరసగా పేర్కొన్నారు. ఫజల్ అలీ, సుబ్బారావు, ఖన్నా. అవి చదువుతుంటే నాకు వానాకాలం క్లాసు గదే కనిపించింది. వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను. సంబరంగా గబగబా చెబుతుంటే ఆపి, "ఈసారి ఎవరొచ్చారు?" అన్నారు.

"కర్ణాటక హైకోర్టు రిటైర్డు జడ్జి పుట్టస్వామి గారండీ, ఆధార్ మీద. తొంభై దాటాయి."

"నాకంటే పెద్దవాడే" అని నవ్వి, "మరి ఆధార్ సంగతి తేలిందా?" అన్నారు. తేలలేదు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో అది కూడా తేలింది. నలుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు. ఆధార్ చట్టం చాలామటుకు నిలబడింది. ఆ సాయంత్రం ఈసారి ఆయనే ఫోన్ చేశారు. చూపు మందగించింది, చదివి వినిపించమన్నారు. ఏది ముందు చదవాలో అడగలేదు నేను, జస్టిస్ చంద్రచూడ్ ది తీశాను. ఆధార్ చట్టాన్ని మనీ బిల్లుగా, అంటే రాజ్యసభ ఆమోదం అక్కర్లేని బిల్లుగా తేవడం తప్పన్న భాగం దగ్గర ఆపి, మనీ బిల్లు అంటే ఏమిటో చెప్పే ఆర్టికల్ 110 చదవమన్నారు. చదివాను. రెండోసారి మెల్లిగా చదవమన్నారు. తర్వాత ఆయన ఆ తీర్పులో తనకి నచ్చని సంగతులు ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టారు. నేను కాగితం తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టాను. మెజారిటీ తీర్పు తెరిచేసరికి రాత్రి పది దాటింది.